మురళికి నేను నేర్పిన జవాబులు

2010 మార్చిలో నాకు కొత్తగా మూడు ఫ్యాక్టరీలు అప్పగించారు. మా ఇల్లు, ఆఫీసు రెండూ ఫార్మింగ్టన్ హిల్స్‌లోనే. నా హోదా సీనియర్ సప్లయర్ క్వాలిటీ ఇంజనీర్. పేరు పొడుగే గాని పని ఒక్కటే. కార్ల కంపెనీకి బ్రేకు భాగాలు చేసిచ్చేవాళ్ళు నిజంగా కొలిచి పంపుతున్నారా లేదా అని ఆడిట్ చేయడం. లైను మీద ఆపరేటరు గంటకోసారి ఐదు భాగాలు తీసి, మైక్రోమీటరుతో కొలిచి, కాగితం మీద రాయాలి. నిజంగా కొలిస్తే చివరి అంకె కాస్త అటూ ఇటూ అవుతుంది. షిఫ్టు మొత్తం ఒకే అంకె కనిపిస్తే అది కుర్చీలో కూర్చుని నింపిన కాగితం. అలాంటివి పట్టడంలో నాకు పేరుండేది, ఆ పేరంటే కొంచెం గర్వం కూడా. "ఈ కాగితం ఎవరు నింపారు?" అని అడిగి, ఆ ఆపరేటరు పేరు రిపోర్టులో రాసేవాణ్ణి.

ఆ నెలలోనే మా బావమరిది మురళి కేసు కోర్టుకొచ్చింది. అతనికి ముప్పై నాలుగేళ్ళు, మా ఇంటికి దగ్గర్లోనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. తన అపార్ట్‌మెంట్ జిమ్‌లో ఒకామె బట్టలు మార్చుకుంటుంటే, గది గోడ పైనుంచి ఫోన్‌తో వీడియో తీస్తూ దొరికిపోయాడు. నేరం ఒప్పుకున్నాడు. శిక్ష వేసే ముందు జడ్జి సైకోసెక్సువల్ ఇవాల్యుయేషన్ చేయించమన్నారు. అంటే ఒక సైకాలజిస్టు గంటల కొద్దీ మాట్లాడి, వందల ప్రశ్నల కాగితాలు నింపించి, ఈ మనిషి మళ్ళీ ఇలా చేస్తాడా, చికిత్సతో మారతాడా అని కోర్టుకు రాసివ్వడం. జైలా, అధికారి నిఘాలో బయట ఉండే ప్రొబేషనా అన్నది చాలావరకు ఆ రిపోర్టును బట్టే తేలుతుంది.

లాయరు ఉన్నదున్నట్టు చెప్పమన్నాడు. మేము మాత్రం మాకు తెలిసిన పద్ధతిలోనే పడ్డాం. వీసా ఇంటర్వ్యూకి తయారు చేసినట్టు, వారం పాటు డైనింగ్ టేబుల్ దగ్గర మాక్ ఇంటర్వ్యూలు పెట్టాం. ప్రశ్నలు నావి, పర్యవేక్షణ మా ఆవిడ సుజాతది.

"షార్ట్‌గా చెప్పరా. అడిగినదానికే ఆన్సర్ చెయ్యి, ఎక్స్‌ట్రా ఏం మాట్లాడకు," అనేది తమ్ముడితో.

ఇంతకు ముందెప్పుడైనా ఇలా చేశావా అంటే "నో". అలాంటి ఆలోచనలు వస్తాయా అంటే "నో". రోజూ అవే మాటలు, అదే గొంతు. నాలుగో రోజుకి నాకు అర్థమైంది. ఫ్యాక్టరీల్లో ఏళ్ళ తరబడి నేను పట్టుకుంటున్నది సరిగ్గా ఇదే. ఆపి నిలదీయాలనిపించింది. నిలదీస్తే ఏం చెబుతాడోనని భయమేసి తర్వాతి ప్రశ్నకు వెళ్ళిపోయాను. "గుడ్" అని మెచ్చుకున్నాను కూడా.

మురళి పరీక్షలు రాసి వచ్చిన రెండు వారాలకు సైకాలజిస్టు నాకు ఫోన్ చేశారు. ఇంట్లోవాళ్ళతో మాట్లాడటం కూడా ఆ పరీక్షలో భాగమే. నేను చెప్పేవన్నీ రిపోర్టులోకి వెళతాయని ఆమె ముందే హెచ్చరించారు. మురళి నింపిన ప్రశ్నాపత్రం చెల్లదన్నారు. ఎన్నడూ కోపం రాని, ఒక్క అబద్ధమూ ఆడని మనిషి ఉండడు కాబట్టి, దాచేవాళ్ళను పట్టే ప్రశ్నలు అందులోనే కలిపి ఉంటాయట. వాటికీ మురళి "నో" అనే రాశాడట. ఇలాగే పంపితే సహకరించలేదని రాయాల్సి వస్తుందన్నారు. ఎవరైనా నేర్పారా అని అడిగారు. నేనే నేర్పానని చెప్పాను. వచ్చే మంగళవారం అతన్ని మళ్ళీ పంపమన్నారు.

మంగళవారం నేనే డ్రైవ్ చేశాను. క్లినిక్ పార్కింగ్‌లో ఇంజన్ ఆపి, అతని వైపు చూడకుండా, "ముందు కూడా చేశావా మురళీ?" అని అడిగాను.

"మూడుసార్లు బావా. ముగ్గురు ఆడవాళ్ళు. వాళ్ళకెవరికీ తెలీదు. మీరు గట్టిగా అడుగుతారేమోనని రోజూ వెయిట్ చేశా. మీరు నెక్స్ట్ క్వశ్చన్‌కి వెళ్ళిపోయేవారు," అన్నాడు.

ఆ ముగ్గురెవరో నాకు తెలియదు, తమకేం జరిగిందో వాళ్ళకూ తెలియదు. పక్క సీట్లో ఉన్న మనిషంటే మొదటిసారి భయమేసింది. ఈ మాట లోపల చెబితే జైలు తప్పదన్న భయం వేరే. కారు వెనక్కి తిప్పేద్దామనుకుని తాళం మీద చెయ్యి వేశాను. చెయ్యి తీసేసి, "అదే లోపల చెప్పు" అన్నాను.

నాలుగు గంటలు లోపల ఉన్నాడు. మళ్ళీ చేసే ముప్పు మధ్యస్థమనీ, దాచకుండా చెప్పాడు కాబట్టి చికిత్సతో మారే వీలుందనీ రిపోర్టులో రాశారు. జడ్జి ఆరు నెలల జైలు, ఐదేళ్ళ ప్రొబేషన్, వారం వారం గ్రూపు చికిత్స వేశారు. మొదటి కాగితమే వెళ్ళి ఉంటే ఎక్కువ పడేదో తక్కువ పడేదో నాకు తెలియదు. "మీరు అడక్కపోతే పోయేది కదండీ," అని సుజాత చాలాకాలం అనేది.

రిటైరయ్యేదాకా ఆడిట్లు చేశాను. ఒకే అంకె నిండిన కాగితాలు తర్వాత కూడా దొరికాయి. అవి దొరికితే గర్వం పోయి భయం వేసేది. ఆపరేటరును పిలిచి, ఎవరు నింపారని అడగడం మానేశాను. ఎవరు ఇలా నింపమన్నారని అడిగేవాణ్ణి. చాలాసార్లు అలా నింపమన్న సూపర్‌వైజరు నా పక్కనే నిలబడి ఉండేవాడు.