విప్పిన జడలు

తెలంగాణ ఉద్యమం రోజుల్లో ఓ ఆదివారం, నేను ఆఫీసు నుంచి తిరిగొస్తున్న సిటీ బస్సు రాస్తారోకో వల్ల కొత్తగూడ దగ్గర ఆగిపోయింది. నా ముందు సీట్లో ఒకావిడ తన ఏడెనిమిదేళ్ల కూతురి జుట్టు దువ్వుతోంది. పిల్ల ఒళ్లో మా కంపెనీ సంచి ఉంది. కూలీల పిల్లల్లో ధైర్యం పెంచుతామంటూ మావాళ్లు ఆ పొద్దునే పెట్టిన శిబిరంలో పంచినది. ఆ శిబిరం కరపత్రం రాసింది నేనే.

"శిబిరం బాగుందామ్మా?" కాస్త గర్వంగానే అడిగాను.

"ఏం బాగ సారూ! నూనె రాసి, రెండు జడలేసి, బతుకమ్మకు కుట్టించిన గౌను తొడిగి తోల్కవోయిన. ఫొటోల బీదపిల్ల లెక్క కనవడ్తలేదని జడలిప్పి, ఎవలదో చినిగిన గౌను తొడిగిండ్రు. గిదేం ధైర్యం?"

మెడలోని ఐడీ కార్డును చొక్కాలోకి తోసేశాను.

ఆమె రెండో జడకు రిబ్బను బిగించి కట్టింది. బయట నినాదాలు మొదలయ్యాయి.

"అమ్మా, నేను గూడ అననా?"

"అను బిడ్డా, గట్టిగ అను."

"జై తెలంగాణ!" పిల్ల గొంతుకు బస్సంతా ఇటు తిరిగింది.

సోమవారం ఆ ఫొటో నా టేబుల్ మీదికొచ్చింది. జుట్టు విరబోసుకుని, తల దించుకుని ఉంది ఆ పిల్ల. దాని కింద 'ఆత్మవిశ్వాసం' అని రాసి అచ్చుకు పంపాను.