నాయన చేతి మీద తేలు

దెయ్యాలున్నాయనేవాళ్లతో నేను ఇప్పటికీ పోట్లాడతాను. పోయినవాళ్లు తిరిగిరారు, అంతే. ఇది దెయ్యం కథ కూడా కాదు. మా అమ్మ అప్పుడూ బతికే ఉంది, ఇప్పుడూ ఉంది.

తొంభైల్లో మా ధర్మవరానికి తీసిన వెంటనే బయటికొచ్చే ఫోటోల పిచ్చి పట్టింది. పెళ్లిళ్లలో మగపిల్లలంతా సినిమా పోస్టర్లలోలాగా కాలరెగరేసి నిలబడేవాళ్లు. కెమెరాలోంచి అట్టముక్క రాగానే విసనకర్రలా ఊపేవాళ్లు. దానికి నెగెటివ్ ఉండదు. స్టూడియోవాళ్లు దిద్దడానికి వీల్లేదు.

ఆ రోజుల్లోనే పెనుకొండలో చీరల వ్యాపారులు ఉత్తమ నేతగాడని మా నాయనకు శాలువా కప్పుతామన్నారు. మగ్గంలో కూర్చున్న ఫోటో తెమ్మన్నారు.

వాళ్లు మెచ్చిన నెమళ్ల చీర నేసింది అమ్మ. నాయనకు నడుం పట్టేసినప్పటి నుంచి మగ్గం ఆమెదే. వీధంతా తెలుసు, ఒక్కరూ నోరెత్తరు. నాకు ఒళ్లు మండిపోయింది.

"పోనీలే పాపా, ఎవురు నేస్తే ఏముండాది" అంది అమ్మ.

మధ్యాహ్నం హిందూపురం నుంచి ఫోటోగ్రాఫర్ వచ్చాడు. నాయన చొక్కా మార్చుకుని మగ్గంలో కూర్చుని దారం కండె ఉండే నాడె పట్టుకున్నాడు. అమ్మ వంటింట్లో ఉంది. ఫోటో ఊపింది నేనే. ముందు చొక్కా తేలింది, తర్వాత నాయన ముఖం, చివరికి నాడె పట్టిన చెయ్యి. మణికట్టు మీద తేలు పచ్చబొట్టు.

నాయనకు పచ్చబొట్టు లేదు. ఆ తేలు అమ్మది. తోక వంకర కూడా అదే.

"ఇంగొగటి తీస్తానుండప్పా" అని ఫోటోగ్రాఫర్ మళ్లీ తీశాడు. అందులోనూ తేలే. నాయన చేతిని తడిగుడ్డతో రుద్ది చూశాడతను. ఏమీ లేదు. వంటింట్లోంచి వచ్చిన అమ్మ ఫోటో చూసి తన చేతిని కొంగులో దాచుకుంది.

నాయన చించేస్తాడని భయపడ్డాను. "చించితే నేనే పెనుకొండకు పోయి మైకులో చెప్తా నాయనా" అన్నాను. మర్నాడు నాయన నన్ను వెంటబెట్టుకుని ఆ ఫోటోతోనే వెళ్లాడు.

వ్యాపారుల పెద్ద దాన్ని చూసి నవ్వాడు. "ఏమప్పా, ఆడోళ్ల మాదిరి పచ్చబొట్టు పొడిపించుకుండావే?"

"ఆ చెయ్యి నాది కాదన్నా, చీర నేసినామెది. ఇంట్లో ఉండాది. శాలువా ఆడికే తెండి" అన్నాడు నాయన.

వాళ్లు తేలేదు. ఇంకొకరికి కప్పారు.

కెమెరా లోపమంటారు. లోపం తేలు బొమ్మ గీస్తుందా? అదెలా వచ్చిందో నాకూ తెలియదు, తెలియదని ఒప్పుకోవడానికి సిగ్గూ లేదు. అంతవరకూ తలుపేసుకుని నేసిన మా అమ్మ మాత్రం, ఆ మర్నాటి నుంచి వీధి తలుపు బార్లా తెరిచి మగ్గంలో కూర్చుంది.