గాలి డబ్బాలో ఊపిరి

ఇది పేపర్లో రాయలేదు. రాసినా వేసేవాళ్లు కాదు. పత్తి ధరలు, వాన కబుర్లు, వంకలో దిగబడిన బస్సు... ఆదోని నుంచి ఇలాంటివి రాసి పంపడం నా పని. కంటితో చూడనిది రాయొద్దని మొదటిరోజే చెప్పారు. అందుకే ఒట్టేసి చెబుతున్నా. ఇది నా కంటితో చూసింది. నమ్మకపోతే మానండి. మధ్యలో మాత్రం నవ్వొద్దు.

మాబు నా స్నేహితుడు. అసలు పేరు మహబూబ్ బాషా. ఎమ్మిగనూరు రోడ్డు పక్కన, పత్తి గింజలు తీసే జిన్నింగ్ మిల్లు వెనక అతని రేకుల షెడ్డు. లారీలు, మిల్లు ఇంజన్లు బాగుచేసేవాడు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక మిలిటరీ వాళ్లు పాత సామాను వేలం వేస్తే, బళ్లారి పోయి ఒక లారీ ఇంజను తెచ్చాడు. ఎనిమిది సిలిండర్లది. దాంతోపాటు కూలిన విమానం తుక్కులోంచి ఒక ఇనుప డబ్బా కూడా తెచ్చాడు. బిందె అంత ఉంటుంది. లోపల రెక్కల చక్రాలు. దాన్ని టర్బో అంటారని అమ్మినవాడు చెప్పాడట. మాబు దానికి గాలి డబ్బా అని పేరు పెట్టుకున్నాడు.

"సూడన్నా. ఇంజను వదిలే పొగ వచ్చి ఈ పక్క చక్రాన్ని తిప్పుతాది. ఇది తిరిగితే దీనితోపాటు ఆ పక్కది తిరుగుతాది. ఆ పక్కది బయటి గాలి పీల్చి ఇంజను లోపలికి తోస్తాది. తాను వదిలిన ఊపిరితోనే తనకు ఊపిరి! నూరు గుర్రాల ఇంజను మూడునూర్ల గుర్రాలయితాది."

"మూడునూర్ల గుర్రాలకి గడ్డి యాడ తెస్తావు సాయిబూ?" అని షెడ్డు వెనక ఇంట్లోంచి కేక. హుసేన్‌బీ. మాబు భార్య.

బళ్లారి వైపు యుద్ధకాలపు విమానాల మైదానం ఒకటి ఖాళీగా పడి ఉండేది. ఏటా ఒకసారి బెంగుళూరు, మద్రాసు నుంచి కార్ల పిచ్చి ఉన్నవాళ్లు అక్కడికి వచ్చేవారు. రెండు కార్లు పక్కపక్కన నిలబెట్టి, ఒకే గీత మీద నుంచి వదిలేవారు. మలుపుల్లేవు. తిన్నగా పోవడమే. అక్కడ ఆ దొరల కార్ల పక్కన ఆదోని బండి ఒకటి నిలబడాలని మాబు కోరిక.

ఆ బండి తయారుకావడం నేను కళ్లారా చూశాను. లారీ చట్రాన్ని కోసి పొట్టి చేశాడు. కిరసనాయిలు డబ్బాల రేకు సాగగొట్టి ఒళ్లు కట్టాడు. టూరింగ్ టాకీస్ వాళ్లు పారేసిన కుర్చీని సీటు చేశాడు. పొగ గొట్టాలు వంచడానికి వాటిల్లో ఇసుక కూరి, కొలిమిలో ఎర్రగా కాల్చేవాడు. ఇసుక లేకుండా వంచితే గొట్టం నొక్కుకుపోతుంది. ఒక్కో గొట్టానికి ఒక్కో ఆదివారం.

గాలి డబ్బాకు నూనెతోనే చిక్కు వచ్చింది. ఆ చక్రం తిరిగే వేగానికి మామూలు నూనె మాడిపోయింది. పందెం కార్లకు ఆముదం వాడతారని ఎవరో మిలిటరీ మెకానిక్ చెప్పాడు. బజారు ఆముదం పోసి చూశాడు. నచ్చలేదు. అప్పుడు హుసేన్‌బీ ముందుకొచ్చింది. ఆముదాలు వేయించి, రోట్లో దంచి, నీళ్లలో ఉడికించి, పైకి తేలిన నూనెను గరిటెతో తీసి మళ్లీ కాచేది. వంటాముదం. పిల్లల తలకు పెట్టే నూనె. అది పోశాక చక్రం పట్టులా తిరిగింది. బండి స్టార్ట్ చేసిన రోజు ఆ వీధంతా తియ్యటి వాసన.

ఆ నూనెతో ఒకటే పేచీ. వేడి మీద ఉండగానే వంపేయాలి. చల్లారి నిలవుంటే బంకలా గట్టిపడి చక్రాన్ని పట్టేస్తుంది. అందుకే బండి ఆపిన వెంటనే ఆమె గిన్నె పట్టుకుని నిలబడేది.

హుసేన్‌బీ మిల్లులో పని చేసేది. గింజ తీసిన దూదిని నిలవచేసే కొట్లో. సాయంత్రం వచ్చేసరికి జుట్టు, కనుబొమలు తెల్లగా ఉండేవి. దగ్గు. మెట్టు ఎక్కితే ఆయాసం. ఊపిరి పూర్తిగా లోపలికి పోయేది కాదు. అయినా చక్రం సరిగ్గా కూర్చుందో లేదో తేల్చేది ఆమే. డబ్బా మూతికి నోరు పెట్టి ఊదేది. పొట్టి ఊపిర్లు మూడు. ఒక దగ్గు. మళ్లీ మూడు. ఆ ఊపిరికి చక్రం కదిలితేనే మాబు బోల్టులు బిగించేవాడు.

"నా ఊపిరికే తిరిగిందంటే గాడిద ఊదినా తిరుగుతాదన్నా" అనేది నాతో. ఒకరోజు మొగుడి వైపు తిరిగి, "ఇంజనుకైతే ఊపిరి పెడతాండావు. నాకొక డబ్బా సేయి సాయిబూ" అంది.

అందరం నవ్వాం. మాబు కూడా నవ్వాడు.

పందేనికి ఇంకా మూడు నెలలు ఉందనగా, ఒక సాయంత్రం బండి నడిపి చూసి షెడ్లోకి తెచ్చాడు. ఇంజను ఇంకా చిటపటమంటోంది. గిన్నె పట్టుకోవడానికి హుసేన్‌బీ ఇంకా రాలేదు. మిల్లు నుంచి కూలీలు పరుగెత్తుకొచ్చారు. దూది కొట్లో పడిపోయిందన్నారు. మాబు చేతిలో పానా అక్కడే పడేసి పరుగెత్తాడు. నూనె వంపలేదు. ఎవరికి గుర్తుంటుంది?

మర్నాడు పొద్దెక్కకముందే ఆమె పోయింది. చివరిదాకా ఊపిరి కోసం నోరు తెరిచే ఉందట. మాబు విసనకర్ర విసురుతూనే ఉన్నాడట. ప్రాణం పోయాక కూడా.

ఆమె పోయిన నలభయ్యో రోజు చేసే ప్రార్థనకు, ఫాతిహాకు, నేనూ పోయాను. భోజనాలయ్యాయి. చీకటి పడింది. జనం వెళ్లిపోయారు. హుసేన్‌బీ తల్లి ఖాసింబీ నన్ను పక్కకు పిలిచింది.

"అప్పా, నా అల్లుడు ఈ పొద్దు మెతుకు ముట్టలేదు. ఇన్నాళ్లూ తెరవని షెడ్డు ఇప్పుడు తెరిచినాడు. నాకేమో బాగనిపించలేదు. నువ్వు ఈడనే ఉండప్పా."

పోయి చూశాను. లాంతరు వెలుగులో బండి. పక్కన నేల మీద ఇనుప కమ్మీలు, డ్రమ్ములు. ఏమిటా అని వంగి చూస్తే... బ్రేకు సామాను. మొత్తం ఊడదీశాడు.

"ఇదేంది మాబూ?"

"బరువన్నా."

"బ్రేకు బరువా?"

"ఈ రాత్రికి ఒకతూరి నడుపుతా. తిన్నగా పోయే బండికి బ్రేకెందుకు?"

ఎమ్మిగనూరు రోడ్డు అక్కడి నుంచి తాడు లాగినట్టు పోతుంది. పోయి పోయి వంక మీద రాతి వంతెన దగ్గర ఒక్కసారిగా పక్కకు తిరుగుతుంది. ఆ సంగతి అతనికి నాకంటే బాగా తెలుసు. వీడు తిరిగి రావడానికి పోవడం లేదు.

ఏదో ఒకటి మాట్లాడుతూ ఉంటే తెల్లారుతుందిలే అనుకున్నాను. పందెం గురించి అడిగాను. అత్తమ్మ గురించి చెప్పాను. వినడం లేదు. డబ్బా మూతి విప్పి చక్రాన్ని వేలితో నెట్టాడు. కదల్లేదు. నన్నూ నెట్టమన్నాడు. నెట్టాను. రాయి. ఆమె కాచిన ఆముదమే బంకై పట్టేసింది.

మంట చిమ్మే బ్లో ల్యాంపు ముట్టించి డబ్బాకు కాక చూపించాడు. చాలాసేపు. నెట్టాడు. కదల్లేదు. ల్యాంపు ఆర్పేశాడు. మోకాళ్ల మీద కూర్చుని, డబ్బా మూతికి నోరు పెట్టి ఊదాడు. రొమ్ము నిండా గాలి తీసుకుని ఊదాడు. మళ్లీ ఊదాడు. చక్రం అలాగే ఉంది.

అప్పుడు ఏడ్చాడు. నలభై దినాలుగా అతను ఏడవడం ఎవరూ చూడలేదు. డబ్బాకు నుదురు ఆనించి... చిన్నగా...

నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఎండాకాలం. గాలి లేదు. లాంతరు మంట నిటారుగా ఉంది. మిల్లు ఆపేసి ఉంది. కుక్కల చప్పుడు కూడా లేదు. డబ్బా మూతికి ఒక దూది పోగు అంటుకుని వేలాడుతోంది. మిల్లు పక్కన దూది లేనిది ఎక్కడ? ఎందుకో దాన్నే చూస్తున్నాను.

టిక్.

ఇనుము చల్లారే చప్పుడు అనుకున్నాను.

టిక్... టిక్...

దూది పోగు... లోపలికి వంగింది.

లాంతరు వైపు చూశాను. మంట కదల్లేదు. మళ్లీ పోగు వైపు చూశాను. అది బయటికి వచ్చింది. ఆగింది. లోపలికి... బయటికి... లోపలికి... బయటికి...

మాబు తల ఎత్తాడు. అతని ముఖానికి జానెడు దూరంలో చక్రం కదులుతోంది. కొంచెం ఇటు. ఆగి, కొంచెం అటు. గాలికి తిరిగే చక్రం ఒకవైపే తిరుగుతుంది. ఇది పోతోంది, వస్తోంది. పొట్టి పొట్టిగా. మూడుసార్లు. తర్వాత మొత్తం డబ్బా ఒక్కసారి అదిరినట్టు... ఒక చిన్న కుదుపు. ఆగింది. మళ్లీ మూడు.

ఆ లెక్క నాకు తెలుసు. మాబుకు తెలుసు. వేడెక్కిన ఆముదం తియ్యటి వాసన షెడ్డంతా నిండింది.

చివరికి పోగు లోపలికి పోయింది... పోయి... బయటికి రాలేదు. చక్రం ఆగిపోయింది.

మాబు వేలు పెట్టి తాకాడు. గిర్రున తిరిగింది. పట్టులా.

"వదిలినాది" అన్నాడు. "సూసినావా అన్నా, వదిలినాది. రమ్మంటాంది."

"పోవద్దంటాంది రా! నీ ముఖం మీదనే ఊదింది గదా, పోవద్దని!"

"పోవద్దంటే పట్టుకునే ఉండేది అన్నా. ఎందుకు వదులుతాది?"

అతని భుజం పట్టుకుని ఊపాను. విడిపించుకుని లేచాడు.

గూట్లో ఒక సీసా ఉంది. ఆమె కాచిన దాంట్లో మిగిలింది. దాన్ని చివరి చుక్క దాకా డబ్బాలో పోశాడు. బండిని బయటికి నెట్టాడు. నేను ముందుకెళ్లి అడ్డం నిలబడ్డాను. "జరగన్నా" అన్నాడు. కోపం లేదు. అలసిపోయినవాడు మంచం మీద చోటు అడిగినట్టు అడిగాడు. హ్యాండిల్ తిప్పి ఇంజను లేపి ఎక్కాడు. అతని జబ్బ పట్టుకున్నాను. చెయ్యి విదిలించుకుని పోయాడు.

పరుగెత్తాను. వెన్నెల మసగ్గా ఉంది. ముందు ఇంజను మోత... తర్వాత దాని మీదుగా గాలి డబ్బా సన్నటి ఈల. పెరిగింది. ఇంకా పెరిగింది. పొగ గొట్టాల్లో నీలం మంట. మూడునూర్ల గుర్రాలో ఎన్నో నాకు తెలియదు. అంత వేగం నేను చూడలేదు. మంట చుక్కంత అయింది. ఈల మాత్రం చెవి పక్కనే ఉన్నట్టుంది...

ఆగిపోయింది.

మోత, ఈల, రెండూ ఒక్కసారే. వంతెనకు గుద్దుకున్న చప్పుడు కోసం చెవులు రిక్కించాను. రాలేదు. ఆ నిశ్శబ్దంలో పరుగెత్తడం... అది చెప్పలేను.

వంతెనకు ఇటు, చాలా ఇటు, బండి రోడ్డు దిగి దున్నిన నల్లరేగడిలో దిగబడి ఉంది. మాబు సీట్లోనే ఉన్నాడు. చేతులు స్టీరింగు మీద. దెబ్బ లేదు. నెత్తురు లేదు.

"నేను ఆపలేదన్నా" అన్నాడు. "తొక్కిన కాలు తియ్యలేదు. సక్రం పట్టేసినాది. పొగ బయటికి పోలేదు. ఇంజను ఉక్కిరిబిక్కిరై సచ్చిపోయినాది."

బతికాడు. నాకు అంతే చాలు. కంది పుల్ల ఒకటి విరిచి డబ్బా మూతిలో పెట్టి చక్రాన్ని నెట్టాను. ఊరికే... పట్టేసింది అన్నాడు కదా అని. అది గిర్రున తిరిగింది. ఏ అడ్డూ లేకుండా తిరుగుతూనే ఉంది.

మాబు దాన్ని చూశాడు.

"నన్ను రావద్దనింది" అన్నాడు. "దగ్గరికి పోతాంటే నెట్టేసినాది అన్నా. నన్ను వద్దనింది."

ఆ మాట అంటూ ఏడ్చిన ఏడుపు ముందు షెడ్లో ఏడ్చింది ఏమీ కాదు.

తర్వాత అతను బండిని ముక్కలు చేసేశాడు. పందేనికి పోలేదు. ఎమ్మిగనూరుకు మారిపోయి మగ్గాల సామాను, నీళ్ల ఇంజన్లు బాగుచేసుకుంటూ ఉన్నాడు. మళ్లీ పెళ్లి చేసుకోలేదు. అత్తమ్మను తనతోనే పెట్టుకున్నాడు.

నేను చాలామందిని అడిగాను. ఊరికే అడిగినట్టు. కాక మెల్లగా పాకి బంక కరిగి ఉంటుంది అన్నాడు ఒక ఇంజినీరు. లోపలి వేడిగాలికి చక్రం కదలొచ్చు అన్నాడు. అటూ ఇటూ కదులుతుందా అంటే, ఆలోచించి, కదలకూడదు అన్నాడు. పరుగులో పట్టేసిన చక్రం మళ్లీ దానంతటదే వదులుతుందా అంటే భుజాలెగరేశాడు.

కొన్నేళ్లకు, ఎమ్మిగనూరు బస్టాండులో మాబు కలిశాడు. టీ తాగాం. బస్సు వచ్చింది. లేచాను. చెయ్యి పట్టుకున్నాడు.

"అన్నా, ఆ రాత్రి నువ్వూ సూసినావు గదా?"

"చూశాను."

"అది ఉట్టి ఆముదం కరగడమే అయితే, ఆమె రానే లేదు. అది ఆమే అయితే, నన్ను వద్దనింది. నువ్వు పేపరు మనిషివి. సెప్పు. ఏది సూసినావు?"

డ్రైవరు హారన్ కొట్టాడు. మాబు చెయ్యి వదల్లేదు.

"చక్రం కదలడం చూశాను మాబూ" అన్నాను.

"నేనడిగింది అది కాదన్నా" అన్నాడు.