మిషన్‌కు జయన్న నేర్పిన అబద్ధం

ఆదోనిలో శేషన్న జిన్నింగు మిల్లుకు వచ్చే పత్తి మంచిచెడ్డలు చెప్పడంలో జయన్నను మించినవాడు లేడు. బండిలోకి భుజం దాకా చెయ్యి దూర్చి, అడుగునుంచి గుప్పెడు పత్తి లాగేవాడు. పోగు సాగదీసి చూసి, ఒక గింజ పంటికింద పెట్టి కొరికేవాడు. కటుక్కుమంటే ఆరిన సరుకు, మెత్తగా నలిగితే తడి. ఇరవై రెండేళ్లపాటు కొనాలో వద్దో అతని నోటి మాటే. యజమాని శేషన్న మారు మాట్లాడేవాడు కాడు.

ఎనభై ఆరులో మేనేజరుగా చక్రపాణి వచ్చాడు, వెంట కంప్యూటరు తెచ్చాడు. దానికో అద్దాల గది, చల్లగాలి మిషను. మనుషులకు మాత్రం అదే రేకుల షెడ్డు. నలభై రోజులు జయన్నను పక్కన కూర్చోబెట్టుకొని, టీలు తాగించి, ఏ ఊరి పత్తి ఎలా ఉంటుందో, దేన్ని ఎందుకు వద్దంటాడో అడిగి రాసుకున్నాడు. పిచ్చి మారాజు, అన్నీ చెప్పాడు. అవన్నీ కంప్యూటరులోకి ఎక్కాయి. ఊరి పేరు, విత్తనం రకం, పైపైన తీసిన పిడికెడు పత్తిలో తేమ ఎంతో కొడితే చాలు, కొనాలో వద్దో తెరమీద పచ్చటి అక్షరాల్లో పడేది. జయన్నను కాటా దగ్గరికి తోసేశారు.

ఒకరోజు ఒక బండిని చూసి ఉండబట్టలేకపోయాడు. "సార్, ఇది లోపల తడి ఉండాది. వద్దు."

చక్రపాణి హమాలీలందరి ముందూ నవ్వాడు. "మిషన్ కొనమంటాంది. నీకు తెలిసిందంతా దాని కడుపులోనే ఉండాది గదా, ఇంక నీతో ఏం పని?"

హమాలీలూ నవ్వారు. జయన్న ఒళ్లు మండిపోయింది. తన దగ్గర నేర్చుకొని తననే వెర్రివాణ్ని చేశాడు. వీడి ముక్కు నేలకు రాయించకపోతే నేను జయన్ననే కాదు అనుకున్నాడు.

మరుసటి ఏడాది అవకాశం కాళ్ల దగ్గరికే వచ్చింది. సీజనుకు ముందు చక్రపాణి పిలిచి, "చిప్పగిరి పక్కనుంచి సరుకు ఎక్కువ వస్తాదంట. వానకు తడిస్తే ఎట్ల చూడల్ల? ఆ సంగతి మిషన్‌లో లేదు," అని అడిగాడు.

జయన్న చేతులు కట్టుకొని ఎంతో వినయంగా చెప్పాడు. "చిప్పగిరి పత్తికి తేమ సూసే పనే లేదు సార్. రెండు దినాలకు దానంతటదే ఆరిపోతాది. కండ్లు మూసుకొని కొనొచ్చు."

చక్రపాణి రాసుకున్నాడు. జయన్న చెప్పిన నిజాల పక్కనే ఆ అబద్ధమూ కూర్చుంది.

కార్తీకంలో ముసురు పట్టింది. చిప్పగిరి బండ్లు వరసకట్టాయి. తేమ ఎంత చూపినా తెర కొనమనే అంటోంది. ఒక్కో బండీ తూస్తుంటే బరువులోనే తడి తెలిసిపోతున్నా జయన్న పెదవి కదపలేదు. ఆ రోజుల్లో తిన్న అన్నం అతని ఒంటికి పట్టింది. పక్షం తిరక్కుండా గోదాములో పత్తి వేడెక్కి, పసుపు తిరిగి, కంపు కొట్టింది.

శేషన్న అరుచుకుంటూ వచ్చాడు. చక్రపాణి ఉద్యోగం ఊడే క్షణం కళ్లారా చూడాలని జయన్న అద్దాల గది గుమ్మం దాకా వెళ్లాడు.

"నేనేం చేసేది? మిషన్ కొనమనింది, కొన్నాను," అన్నాడు చక్రపాణి, ఏమాత్రం బెదరకుండా. జయన్నను అడిగి రాసుకున్న సంగతి ఎత్తితే మిషన్ గొప్ప పోతుంది గనక ఎత్తలేదు.

శేషన్న తెర వైపు చూశాడు. తిట్టడానికి అక్కడ మనిషి లేడు. "ఇంకమీదట ఇట్ల కాకుండా జూడు," అని వెళ్లిపోయాడు. చక్రపాణి అప్పుడే మీటలు నొక్కి కొత్త ఆజ్ఞ ఎక్కించాడు. చిప్పగిరి పత్తి ఏదైనా సరే, వద్దు.

ఆ మరుసటి వారం జయన్న బావమరిది బజారి వచ్చాడు. చిప్పగిరిలో మూడెకరాల రైతు. వానకు ముందే ఏరి, ఇంట్లో మంచాలు బయటేసి పత్తిని లోపల దాచి, ముసురు వెలిశాక ఎండబెట్టి తెచ్చాడు. గుమాస్తా ఊరి పేరు కొట్టగానే తెర వద్దంది. పత్తిని ఎవరూ ముట్టుకోలేదు.

"బావా, నీవు సూడు. నీవు సెప్తే ఇంటారు గదా," అన్నాడు బజారి.

జయన్న చెయ్యి దూర్చాడు. గింజ కొరికాడు. ఆ ఏడాది ఆ మిల్లుకు వచ్చిన పత్తిలో అంత మంచిది లేదు. అద్దాల గదిలోకి పరుగెత్తాడు.

"సార్, చిప్పగిరి సంగతి నేను అబద్ధం సెప్పినా సార్. మీ మీద పగతో సెప్పినా. ఈ సరుకు బంగారం సార్."

చక్రపాణి తెరమీద నుంచి కళ్లు తిప్పలేదు. "అట్లయితే ఇప్పుడు చెప్పేది ఎట్ల నమ్మేది?"

జయన్న బయటికి వచ్చాడు. బజారి అప్పటికే ఎద్దుల పగ్గాలు పట్టుకొని ఉన్నాడు. "బండి కాటా మీదికి ఎక్కించమంటావా బావా?"