మరకలమ్మ ఫోటో

ఆ లాండ్రీలో అందరూ ఆమెను మరకలమ్మ అనే పిలుస్తారు. ఇరవై రెండేళ్లుగా ఆమె పని ఒక్కటే, బట్టల మీద పడ్డదాన్ని పడనట్టు చేయడం. సిరా, నూనె, తుప్పు, నెత్తురు. ఉతికేవాళ్లు వేరు, ఇస్త్రీ చేసేవాళ్లు వేరు. మరక మాత్రం ఆమె బల్ల దాటి పోకూడదు.

ఆమెకొక పద్ధతుంది. మెడపట్టీ మీది పాత చెమట మరక బల్ల మీద పరిస్తే కనపడదు. మనిషి భుజం మీద బట్ట మడత పడ్డప్పుడే బయటపడుతుంది. అందుకని అనుమానమున్న కోటును తానే తొడుక్కుని, వీధి కిటికీ పక్కనున్న నిలువుటద్దం ముందు అటూ ఇటూ తిరిగి చూస్తుంది. వెలుతురు ఏటవాలుగా పడినప్పుడు, దాక్కున్న మరక చిన్న నీడలా కదులుతుంది.

ఒక మధ్యాహ్నం అలాగే ఎవరిదో బూడిదరంగు కోటు వేసుకుని నిలబడింది. మూడు రోజులుగా మొండికేసిన మరక ఆ రోజు లేదు. ఆమె నవ్వింది. కిటికీ అవతల నిలబడ్డ మనిషెవరో ఆ నవ్వును ఫోన్లోకి తీసుకుని వెళ్లిపోయాడు.

సాయంత్రం ఇల్లు చేరేసరికి కూతురు గుమ్మంలోనే ఉంది, చేతిలో ఫోను.

"అమ్మా, ముందు కూర్చో. కూర్చున్నాక చూపిస్తా."

ఫోటో కింద ఇలా రాసి ఉంది: 'మన బట్టలు లాండ్రీకిస్తే వీళ్లు వేసుకుని సోకులు పోతున్నారు.' దాని కింద వందలమంది నవ్వులు, తిట్లు.

మరకలమ్మకు తెలిసిన వైద్యం ఒక్కటే. తడి మీదుండగానే తుడిచేయాలి, ఆరితే పట్టేస్తుంది.

"తీయించెయ్యవే. ఇప్పుడే. బతిమాలు, కాళ్లు పట్టుకో, ఏదో ఒకటి చెయ్."

కూతురు ఆ మనిషికి రాసింది. గంటకి జవాబొచ్చింది: 'కోటు నాది. కోపంలో పెట్టాను. తీసేస్తున్నా, గొడవ చేయకండి.' అన్నట్టే తీసేశాడు. ఆ పూట తల్లీకూతుళ్లు కడుపునిండా తిన్నారు.

నాలుగో రోజుకి ఫోటో తిరిగొచ్చింది. ఒకటి కాదు. ఎవరెవరో దాచుకున్నారట, తలా ఒక మాట తగిలించి మళ్లీ వదిలారు. ఒకదాంట్లో ఆమె నెత్తిన కిరీటం, ఇంకోదాంట్లో పక్కన పెళ్లికొడుకు. ఆమె ఎన్నడూ అడుగుపెట్టని ఊళ్లలో, ముఖం తెలియని వాళ్ల అరచేతుల్లో ఆమె నవ్వుతూనే ఉంది. బస్సులో ఎవరైనా ఫోను చూసి తలెత్తితే కొంగు ముఖం మీదికి లాక్కునేది. వాళ్లు చూస్తున్నది లెక్కల పాఠమో, వాతావరణమో కావచ్చు. ఆమెకు మాత్రం ఆ వెలుగులో తన పళ్లే కనిపించేవి.

ఇస్త్రీ చేసే మరిది వరస అతను నవ్వించబోయాడు.

"ఏం వదినా, ఇంత ఫేమస్ అయ్యావు, మమ్మల్ని గుర్తుపెట్టుకుంటావా?"

"నీ నోరు కూడా ఇస్త్రీ చేసుకోరా ఒకసారి" అంది కానీ, తలెత్తి అతని వైపు చూడలేదు.

యజమాని తలొంచుకుని వచ్చాడు. "కొన్నాళ్లు వెనక గదిలో చెయ్యమ్మా. నిన్ను అనేదేం లేదు. కస్టమర్లు అడుగుతున్నారు, అంతే."

వెనక గదిలో కిటికీ లేదు. అద్దమూ లేదు. ఉన్నా ఆమె చూసేది కాదు. పరాయి బట్ట భుజాన వేసుకోవాలంటే ఒళ్లు జలదరించేది, వెనక ఎవరో నిలబడ్డట్టు. బల్ల మీదే చూసి పంపేయసాగింది. మొదటిసారిగా ఆమె బల్ల దాటి మరకలు బయటికెళ్లాయి.

వాటిలో ఒకటి, ప్రతివారం నల్లకోట్లు ఉతుక్కి వేసే లాయరమ్మది. ఆవిడ కోటు పట్టుకుని నేరుగా వెనక గదిలోకొచ్చింది.

"అక్కా, కాలరు చూడండి. మీ చేతిలో ఇలా జరగదే. ఒంట్లో బాగాలేదా?"

మరకలమ్మ అంతా చెప్పింది.

"మొదట పెట్టినదాని లింకు ఉందా? అతని పేరూ తేదీ కనపడేలా స్క్రీన్‌షాట్?"

"అదే రోజు తీయించేశామమ్మా."

"అయ్యో! ముందు నకలు దాచుకోవాలక్కా. తీయించడం తర్వాత."

"మరకను దాచుకుంటారా ఎవరైనా?"

"కోర్టుకు కావాల్సింది అదే మరి."

మరకలమ్మ స్టూలు మీద కూలబడింది. చేజేతులా చెరిపేసుకుంది. "ఇక దారి లేదామ్మా?"

"ఎందుకు లేదు?" లాయరమ్మ కోటు పక్కనపెట్టింది. "ఇప్పుడు తిరుగుతున్నవన్నీ లింకులతో సహా దాచండి. ఏ సైట్లో ఉంటే ఆ సైటుకి, ప్రతిదానికీ విడిగా ఫిర్యాదు పెట్టాలి. పోలీసుల సైబర్ విభాగానికి రాసివ్వాలి. రాసింది అబద్ధమని ఒప్పుకుని క్షమాపణ చెప్పమని అతనికి నేను నోటీసిస్తా. వినకపోతే పరువునష్టం దావా వేసి, తీయించమని కోర్టును అడుగుదాం. వీధిలోంచి తీశాడు కాబట్టి ఫోటో తీయడమే తప్పని వాదించడం కష్టం. కింద రాసిన అబద్ధం ఉంది చూశారూ, అక్కడ పట్టుకుంటాం. పెట్టింది అతనేనని మాత్రం తేలాలి."

కూతురికి ఫోను చేస్తే, ఆ జవాబు ఇంకా ఉందంది. 'కోటు నాది. కోపంలో పెట్టాను.' లాయరమ్మ రెండుసార్లు చదివించుకుంది. "తన చేత్తో తానే ఒప్పుకున్నాడు. దాన్ని మాత్రం తుడిచేయకండి, మీకు దణ్ణం పెడతా."

"అన్నీ పోతాయామ్మా?"

"చాలావరకు. అన్నీ అని మాటివ్వలేనక్కా."

బట్ట తొడుక్కుని చూడటం పనిలో భాగమేనని యజమాని కాగితం రాసిచ్చాడు. మరిది తానూ సంతకం పెడతానని పట్టుబట్టాడు. "వదిన తొడుక్కుని చూడకపోతే నా ఇస్త్రీ అంతా దండగ, అది కూడా రాయండి సార్."

పోలీసుల ఆఫీసులో, బల్ల వెనక కూర్చున్న ఉద్యోగి కాగితాలన్నీ తిరగేసి, చివరిది ఆమె వైపు జరిపాడు. నలుపూ తెలుపూలో అచ్చేసిన ఫోటో.

"ఇందులో ఉన్నది మీరేనని కింద రాసి సంతకం చేయండమ్మా."

ఇన్నాళ్లూ ఓరకంటనే చూసింది. ఇప్పుడు తప్పలేదు. బట్టను చూసినట్టే అంచునుంచి మొదలుపెట్టి, భుజం, మెడ, చెంప, ఒక్కో అంగుళం వెతికింది. సోకు ఎక్కడా దొరకలేదు. పని పూర్తయిన మనిషి ఒకతె, ఎవరూ చూడట్లేదనుకుని నవ్వుతోంది.

రాసింది. సంతకం చేసింది. ఆయన ముద్ర వేసి, ఫైల్లో పెట్టి తాడు కట్టి, వెనకున్న చీకటి అరలోకి తోశాడు.

"దాన్ని ఎప్పుడు తీసేస్తారు సార్?"

"దీన్నా? తీయం. కేసు తేలేదాకా ఇక్కడే ఉంటుంది."

కూతురు చెయ్యి పట్టుకుంది. "పదమ్మా."

ఆ నవ్వుతున్న మనిషిని ఆ అరలో ఒక్కదాన్నే వదిలి రావడానికి మరకలమ్మకు మనసొప్పలేదు.