గోటితో ఒలిచిన హార్డ్ డిస్కు

ఆ రోజుల్లో మా ఊరికంతటికీ కంప్యూటర్ తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. నిజంగా తెలుసని కాదు, నాకు తెలియదని కనిపెట్టగలిగిన మనిషి ఊళ్లో లేడు, అంతే. కల్లూరు పక్కన మా పల్లె. డిగ్రీ అయిపోయి, ఖమ్మంలో పెళ్లి వీడియోలు తయారుచేసే షాపులో పనికి కుదిరి ఏడాది తిరిగింది. షాపు ఓనర్ని బజారంతా భాయ్ అనేది, నేనూ అలాగే పిలిచేవాణ్ని. ఆ ఏడాదిలో నేను నేర్చుకున్న విద్యల్లా పెళ్లికూతురి మొహాన్ని రాలే పూల మధ్య నుంచి తేలివచ్చేలా చేయడం. దాంతోనే ఊళ్లో నా నడక మారిపోయింది. ఎవరి ఫోన్ ఆగిపోయినా నా దగ్గరికే తెచ్చేవారు. నేను దాన్ని ఒకసారి ఆపి, మళ్లీ ఆన్ చేసి, గంభీరంగా తలాడించి ఇచ్చేవాణ్ని. అంత ధీమా ఆ తర్వాత నాకు ఏ ఉద్యోగంలోనూ రాలేదు.

ఆ ఏడు శ్రీరామనవమికి మా పెద్దమ్మ నాకో పని అప్పగించింది. ఆమె మా ఊరి గోటి తలంబ్రాల జట్టుకు పెద్ద (మా ఇంటికి కూడా, కానీ ఆ సంగతి మా పెదనాన్న ఒప్పుకునేవాడు కాదు). భద్రాచలం రాముడి కళ్యాణానికి పంపే ఆ బియ్యాన్ని మిల్లు పట్టించరు, రోట్లో దంచరు. ఆడవాళ్లు గోళ్లు పెంచుకొని, నెలల తరబడి ఒక్కో వడ్లగింజనూ గోటితో ఒలుస్తారు. విరిగిన గింజను పక్కకు పెట్టేస్తారు. మా వరండాలో ఒలిచేవాళ్లు పదిహేనుమంది. వాళ్లలో అందరికంటే పెద్దామెను గింజలవ్వ అనేవాళ్లం. చేతులు ఆడుతున్నంతసేపూ ఆమె ఒక పాట పాడేది. నారు పోయడం దగ్గర మొదలై, బియ్యం సీతమ్మ దోసిట్లోకి చేరేదాకా గంటకు తక్కువ సాగదు. అది మొత్తం వచ్చినవాళ్లు ఆమె తప్ప ఇంకెవరూ లేరు. ఇదంతా వీడియో తీయడమే పెద్దమ్మ నాకిచ్చిన పని. వారం వారం షాపు కెమెరా పట్టుకొచ్చి తీసి, భాయ్ ఇచ్చిన పాత హార్డ్ డిస్కులో పోశాను. కెమెరా కార్డు పెళ్లిళ్లకు కావాలి కాబట్టి ఎప్పటికప్పుడు తుడిచేసేవాణ్ని. అంటే లోకం మొత్తంలో గింజలవ్వ పాట ఆ డిస్కులో ఒక్కచోటే ఉంది. అప్పట్లో ఇది నాకు భయపడాల్సిన విషయంగా తోచనేలేదు.

నవమికి పది రోజులుందనగా గింజలవ్వ వాకిట్లో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఖమ్మం దవాఖానాలో పడుకోబెట్టారు. భద్రాచలం పోకుండా ఆగడం ఆమెకు అదే మొదటిసారట. కనీసం ఆమె పాటైనా అక్కడ వినిపించాలని ఆమె కూతురు నన్ను బతిమాలింది. నాకు ఒళ్లంతా పూనకం వచ్చినట్టయింది. భద్రాచలంలో మేం దిగే సత్రంలో పెద్ద టీవీ ఉంది, నాలుగైదు ఊళ్ల జట్లు అక్కడే దిగుతాయి. వాళ్లందరి ముందూ నా సినిమా! గంటన్నర సినిమా తయారుచేశాను. పాట మొత్తం పట్టలేదు, రెండు ముక్కలే పెట్టాను. మిగతా పాటంతా డిస్కులోనే ఉండిపోయింది.

బయల్దేరే రోజు వ్యాను నాలుగింటికి వస్తుంది. సినిమా ల్యాప్‌టాప్‌లో ఉంది, ల్యాప్‌టాప్ భాయ్‌ది, సాయంత్రానికల్లా బోనకల్ పెళ్లికి వాపస్ పంపాలి. కాబట్టి సినిమాను డిస్కులోకి ఎక్కించుకుని డిస్కు పట్టుకుపోవాలి. మధ్యాహ్నం భోజనాలయ్యాక జట్టంతా చూస్తుండగా దర్జాగా కాపీ కొట్టాను. ఫైలు చాలా పెద్దది, పట్టదు అంది డిస్కు. మళ్లీ కొట్టాను, మళ్లీ అదే మాట.

"సగం ఖాళీగనే ఉందంటివి గదరా, ఎందుకు పట్టది?" అంది పెద్దమ్మ.

భాయ్‌కి ఫోన్ కొట్టాను. ఆ డిస్కు ఫ్యాట్ అనే పాతకాలం పద్ధతిలో ఉందని, ఎంత జాగా ఉన్నా నాలుగు జీబీలు దాటిన ఫైలును ఒక్కటిగా తీసుకోదని, నా సినిమా ఆరు జీబీలు కాబట్టి డిస్కును ఎన్టీఎఫ్ఎస్ అనే కొత్త పద్ధతికి మార్చాలని చెప్పాడు. మార్చడం ఎలాగో నాకు తెలుసు అనుకున్నాను. ఫార్మాట్ అన్న మాట మీద బాణం పెట్టి, ఆ సంగతి ఆయనకు గర్వంగా చెప్పాను.

"తమ్మీ, చెయ్యి తీయ్. మెల్లగ తీయ్," అన్నాడు భాయ్. "ఫార్మాట్ కొడితే అంతా సాఫ్. దాంట్ల నా పదకొండు పెళ్లిళ్లున్నయ్."

పదకొండు పెళ్లిళ్ల సంగతి దేవుడెరుగు, గింజలవ్వ పాట పోయేది. ముందు లోపలున్నదంతా ఇంకోచోట దాచుకోవాలని భాయ్ అన్నాడు. కానీ ల్యాప్‌టాప్ నా సినిమాతోనే నిండిపోయింది, నా ఫోన్‌లో పాట కాదు కదా పల్లవి కూడా పట్టదు. చివరికి భాయ్ ఇంకో దారి చెప్పాడు. కన్వర్ట్ అనే ఆజ్ఞ ఒకటి ఉంటుంది, తెరమీద నల్ల కిటికీలాంటిది తెరిచి దాంట్లో టైపు కొట్టాలి, అది లోపలి సరుకు ముట్టుకోకుండా పద్ధతి మాత్రమే మారుస్తుంది. అయితే మధ్యలో కరెంటు పోయినా, వైరు కదిలినా ఇక ఏదీ దక్కదు.

ఫోన్ స్పీకర్లో వింటున్న పెద్దమ్మ ఫోన్ దగ్గరికి జరిగింది. "మిల్లుల పోస్తే పొట్టూ పోతది, గింజా నూకయితది. గోటితోని ఒలిస్తే పొట్టొక్కటే పోతది. గట్లనేనా అన్నా?" అని అడిగింది.

"అవ్ అమ్మా, గట్లనే," అన్నాడు భాయ్. ఏడాదిపాటు ఆయన దగ్గర పనిచేసినా నా మాటను ఒక్కసారి కూడా అంత మర్యాదగా ఒప్పుకున్న గుర్తులేదు.

భాయ్ ఒక్కో అక్షరం చెబుతుంటే కొట్టాను. వెంటనే ఆ నల్ల కిటికీ నన్ను పేరు చెప్పమంది. నేను నా పేరు కొట్టాను (అడిగితే చెప్పాలి కదా). తప్పంది. గుడిలో అర్చన చేయించేటప్పుడు పేరొక్కటే చెబితే సరిపోతుందా, గోత్రం కూడా చెప్పమంది వెనక నుంచి మా చిన్నమ్మ. చెప్పొద్దూ, అదీ కొట్టాను. అదీ తప్పే. అది అడిగేది డిస్కు పేరని, తను దానికి షాదీ అని పెట్టుకున్నానని భాయ్ చెప్పాకగానీ లోపలికి పోనివ్వలేదు.

అసలు గండం కరెంటు. ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది, ప్లగ్గు పీకితే ఆరిపోతుంది. పెద్దమ్మ లైన్‌మన్‌కు ఫోన్ చేసి, రాముడి పని, గంటసేపు తీగ ముట్టుకోవద్దని ఆజ్ఞాపించింది. జట్టులో నలుగురు వీధిలోకి పరుగెత్తి ఇల్లిల్లూ తిరిగి మిక్సీలు, మోటార్లు, ఇస్త్రీ పెట్టెలు ఆపించారు. మా పెదనాన్న ఫ్యాను కూడా ఆపేశారు.

ఇక వైరు. ముందురోజు పెద్దమ్మ భద్రాచలం పోయే ప్రతి వస్తువుకూ పసుపు కుంకుమ పెడుతూ హార్డ్ డిస్కును కూడా వదల్లేదు. తడి పసుపుబొట్టు సరిగ్గా వైరు దూర్చే సందు మీద పెట్టింది. పొద్దున నేను దాన్ని పిన్నీసుతో గీకాను. అప్పటి నుంచి వైరు ఒక పక్కకు వంచి పట్టుకుంటేనే డిస్కు పలుకుతోంది. ఆజ్ఞ కొట్టే ముందు పట్టుకు చూశాను. నా వేలు కాస్త జారింది, డిస్కు దీపం ఆరి వెలిగింది.

"జరుగు," అంది పెద్దమ్మ. బొటనవేలూ చూపుడువేలూ కలిపి, మూడు నెలలు గింజ పట్టిన పట్టుతోనే వైరు పట్టుకుంది. "ఇగ కొట్టు."

కొట్టాను. నలభై నిమిషాలు. తెరమీద శాతాలు ఎక్కుతుంటే జట్టు మొత్తం రామనామం అందుకుంది, నేనూ అందుకున్నాను. డెబ్భై దగ్గర అంకె ఆగిపోయినప్పుడు చిన్నమ్మ కళ్లు మూసుకుంది. పెద్దమ్మ ముక్కు మీద ఈగ వాలితే గింజలవ్వ కూతురు కొంగుతో తోలింది. పెద్దమ్మ వేళ్లు మాత్రం వెంట్రుకవాసి కదల్లేదు. మార్పిడి పూర్తయిందని తెరమీద పడగానే నేను ముందు తెరిచింది గింజలవ్వ పాట. ఆమె గొంతు వరండా అంతా నిండింది. నేను ఎగిరి గంతేశాను, సిగ్గుపడకుండా చెబుతున్నాను, ఏడ్చాను కూడా. సినిమా ఎక్కుతుండగానే వ్యాను హారన్ కొట్టింది.

పాల్వంచ దాటి అడవి మొదలైనా నా ఉత్సాహం తగ్గలేదు. దారంతా జట్టుకు ఎన్టీఎఫ్ఎస్ గొప్పతనం వివరిస్తూనే ఉన్నాను. సత్రంలో దీపాలు పెట్టే వేళకు నాలుగూళ్ల ఆడవాళ్లు టీవీ ముందు కూర్చున్నారు. డిస్కు తగిలించాను. టీవీ ఒక్క మాటే చెప్పింది, ఈ డిస్కు నాకు చదవరాదని. ఆ పాత టీవీకి ఫ్యాట్ తప్ప ఇంకే పద్ధతీ తెలియదట! అంతమంది ముందు నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అప్పుడు గింజలవ్వ కూతురు దవాఖానాకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది. సంగతి తెలిసి అవ్వ నవ్వి, మంచం మీది నుంచే పాట ఎత్తుకుంది. మావాళ్లు తెలిసినచోటల్లా కలిశారు. సగం దాటాక అవ్వకు ఆయాసం వచ్చి ఆగిపోయింది. ఆ తర్వాతి చరణం ఎవరికీ రాదు.

"పొట్టు విడిచిన గింజ పుట్టిల్లు విడిచె," అని అందుకున్న గొంతు నాదేనని నాక్కూడా ఆలస్యంగా తెలిసింది. మూడు నెలలు ఆ పాట వింటూ వీడియో తీసి, ఆ తర్వాత సినిమా కోసం రాత్రింబవళ్లు దాన్ని కోస్తూ, అతుకుతూ కూర్చున్నవాణ్ని, మొత్తం ఎక్కిపోయింది. నా గొంతు బొంగురు, శృతి శూన్యం. అయినా సీతమ్మ దోసిలి దాకా పాడాను. ఫోన్‌లో అవ్వ చివరిదాకా ఊఁ కొడుతూనే ఉంది.

మర్నాడు భాయ్ అంతా విని, సినిమాను రెండు ముక్కలు కోస్తే డిస్కు మార్చే పనే ఉండేది కాదు కదా, టీవీ కూడా చదివేది కదా అన్నాడు. ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదా అని నేనన్నాను. ముందు తట్టలేదన్నాడు. పెద్దమ్మ మాత్రం విరిగిన గింజ రాముడికెట్ల పెడతమని కొట్టిపారేసింది.

ఇప్పుడు నేను పెద్ద కంపెనీలో జనం డేటా కాపాడే ఉద్యోగంలో ఉన్నాను. ఏదైనా మార్చే ముందు ఇంకోచోట దాచుకోండని కొత్తగా చేరినవాళ్లకు చెబుతుంటాను. గింజలవ్వ పోయి చాలా ఏళ్లయింది, పాట నాలుగు చోట్ల భద్రంగా ఉంది. ఆ డిస్కు నా టేబుల్ సొరుగులో ఉంది, సందులో ఇంకా కాస్త పసుపు. దాన్ని చూసినప్పుడల్లా ఆ పెళ్లి వీడియోల మేధావి గుర్తొచ్చి నవ్వుకుంటాను. లోకంలో ఆ పాట ఒక్కచోటే ఉందని ఆ మధ్యాహ్నం అంత వణికిపోయాడు కానీ, రెండో కాపీ తన దగ్గరే ఉందని పిచ్చివాడికి తెలియదు.