వదినకి చెప్పిన రెండో కథ

ఇవాళ పొద్దున్న మా కోడలు నా చేతిలో కాఫీ గ్లాసు పెట్టి, మళ్ళీ వెళ్ళి టీవీ ముందు కూర్చుంది. ఎక్కడో వేరే రాష్ట్రంలో పెద్ద హత్య కేసట. ఇవాళే విచారణ మొదలట, ప్రభుత్వ వకీలు కేసంతా మొదటిసారి జడ్జిగారికి విప్పి చెప్తాడట. "అత్తయ్యా, రండి రండి, మొదలైపోయింది" అని పెళ్ళి పంక్తికి పిలిచినట్టు పిలిచింది. దాని తప్పేం లేదు పాపం, ఊరూవాడా అలాగే చూస్తోంది. తెర మీద ఒకావిడ "మృతుడు ఆ సమయంలో" అంటూ గుక్క తిప్పుకోకుండా చదివేస్తోంది. నాకు ఆ మాట పడదు. మృతుడేమిటి మృతుడు! వాడికో పేరుండదూ? వాడు పులుసులో ముక్కలు ఏరి పక్కన పెట్టేవాడో, ముందు అవే తినేవాడో తెలిసిన మనిషి ఒకత్తి ఎక్కడో కూర్చుని ఉండదూ? గ్లాసు పట్టుకుని పెరట్లోకి వచ్చేశాను. తాగడం మర్చిపోయాను, కాఫీ చల్లారిపోయింది.

అలా కూర్చున్న మనిషి నాకొకత్తి తెలుసు. గోడ అవతలే ఉంటుంది, మా పక్కింటి వదిన. మా పుట్టింటివాళ్ళది గోదావరి వైపు. నాన్న పోర్టులో ఉద్యోగానికి వచ్చి ఇక్కడే పాతుకుపోయి, నన్ను స్టీలు ప్లాంటు ఉద్యోగికిచ్చి గాజువాక పంపించేశారు. వదినది సబ్బవరం దగ్గర పల్లె. నేను ఆవిణ్ణి వదినా అంటాను, ఆవిడ నన్ను వొదినా అంటుంది. ఎవరి అన్న ఎవర్ని కట్టుకుంటే ఇలా అయిందని మాత్రం అడక్కండి, ఇన్నేళ్ళుగా మాకే తేలలేదు. ఆవిడ భర్త కాంట్రాక్టు పనికి వెళ్ళేవాడు, ఒక్కగానొక్క కొడుకు పాకే వయసులో ఉండగానే ఆయన జ్వరమొచ్చి పోయాడు. అప్పట్నించీ రెండు గేదెల్ని నమ్ముకుని, కాలనీకి పాలు పోసి ఆ పిల్లాణ్ణి పెంచింది. ఆవిడకి సినిమాలంటే ప్రాణం. కానీ మ్యాట్నీ వదిలే వేళకి పాలు తియ్యాలి, ఫస్టు షో వేళకి ఇంటింటికీ పొయ్యాలి. "గేదెలికి సినిమా సంగతేటి తెల్సు వొదినా, పొదుగు నిండితే అరుస్తాయి" అని నవ్వేది.

అందుకని ఆవిడ బదులు సినిమాలు నేను చూసేదాన్ని. చూసొచ్చి మర్నాడు మధ్యాహ్నం ఆవిడ పిడకలు కొడుతుంటే గోడ మీద మోచేతులానించి కథ చెప్పేదాన్ని. చెప్పడమంటే మామూలుగా కాదు. హీరోయిను చీర రంగు దగ్గర్నించి, విలను మీసం దగ్గర్నించి, పాట ఏ కొండల్లో తీశారో అక్కడి దాకా. "రెండున్నర గంటల సినిమాని మూడు గంటలు చెప్పే మనిషివి నువ్వే" అని మా ఆయన చెవుల్లో దూది పెట్టుకుని పడుకునేవారు. పిల్లాడు పిడకల పక్కనే మట్టిలో కూర్చుని "ఫైటింగెప్పుడు, అత్తా?" అని నస పెట్టేవాడు. వదినతో ఒక్కటే చిక్కు. కథలో ఎవరైనా పోతే ఆవిడ తట్టుకోలేదు. ఒకసారి ఓ తల్లి పాత్ర చచ్చిపోయిందని చెప్పాను, అంతే, ఆ పూట అన్నం ముట్టలేదు. పాలు తియ్యబోతే గేదె కూడా తన్నిందట. అదీ నా మీదే పెట్టింది. అప్పట్నించీ నేను ముగింపులు మార్చెయ్యడం మొదలెట్టాను. కత్తిపోటు తిన్నవాణ్ణి ఆస్పత్రిలో బతికించాను, రైలు కింద పడ్డ చెల్లెల్ని పక్క పట్టాల మీదకి దూకించాను. డైరెక్టర్లెవరూ వచ్చి నన్ను అడగలేదు. వదిన కళ్ళు తుడుచుకుని "బతికిపోనాడా, హమ్మయ్య" అనేది. ఆ హమ్మయ్య కోసం నేనెన్ని అబద్ధాలైనా ఆడేదాన్ని.

పిల్లాడు పెద్దయ్యాడు, ఆటోనగర్లో కార్లు బాగుచేసే షెడ్డులో చేరాడు. వాడి చెయ్యి మంచిదని పేరొచ్చింది. ఇంటికొస్తుంటే వీధి మొదట్లోంచే గ్రీజు వాసన వచ్చేది, వెనకాలే వాడి ఈల. "అత్తా, నీ మిక్సీ అలా అరుస్తందేటి, దించు" అని అడక్కుండానే విప్పేసేవాడు. గేదెల్ని అమ్మేయించి తల్లిని కూర్చోబెట్టాడు. ఇరవై నాలుగేళ్ళు. ఆ వయసులోనే వాణ్ణి చంపేశారు. చంపినవాడు ఊళ్ళో ఓ పెద్దమనిషి కొడుకు, పుట్టినరోజొస్తే వీధి వీధికీ ఫ్లెక్సీలు కట్టించుకునే రకం. అందుకే పేపర్లూ చానళ్ళూ నెలల తరబడి అదే గోల. చుట్టాలంతా కలిసి వదినతో ఒకటే మాట చెప్పారు, ఒక్క దెబ్బకే పోయాడు, నొప్పి కూడా తెలిసి ఉండదని. వదిన తలూపింది. నేనూ అదే నమ్మాను.

విచారణ మొదలైన రోజు వదినా నేనూ బస్సులో పోర్టు రోడ్డు మీదుగా కోర్టుకి వెళ్ళాం. కిటికీలోంచి బొగ్గు దుమ్ము కొడుతుంటే వదిన కొత్త చీర కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని కూర్చుంది. కోర్టు బయట కెమెరాల గుంపు. లోపలికి వెళ్ళబోతుంటే ప్రభుత్వ వకీలు ఎదురొచ్చి, "అమ్మా, మీరు సాక్షి. ఇప్పుడు లోపల కూర్చుంటే అవతలి వకీలు గొడవ చేస్తాడు. మీ వంతొచ్చాక పిలుస్తాం, బయట ఉండండి" అన్నాడు. ఇదేం న్యాయమండీ? ఊరంతా లోపల కూర్చుని వినొచ్చు, కన్నతల్లి మాత్రం వినకూడదు! నాకు ఒళ్ళు మండిపోయింది. వదిన మాత్రం వరండాలో బెంచీ మీద కూర్చుని నా చెయ్యి పట్టుకుంది. "నువ్వెల్లు వొదినా. ఇనుకొనొచ్చి సినిమా కథ సెప్పినట్టు సెప్పు నాకు. ఏదీ ఒగ్గీకు, ఒక్క ముక్కా పోకూడదు" అంది.

లోపల ఫ్యాను చప్పుడు, నల్లకోట్ల చెమట వాసన. వకీలు లేచి చెప్పడం మొదలెట్టాడు. గొంతు పెద్దది కాదు, కానీ ఒక్క ముక్క పోకుండా వినబడింది. మృతుడు, ముద్దాయి, మృతుడు, ముద్దాయి. వాడి పేరు మొదట్లో ఒకసారి చదివి ఊరుకున్నాడు. సంగతిది. ఆ పెద్దమనిషి కొడుకు కారు షెడ్డులో ఉంది. సాయంత్రం షెడ్డు కట్టే వేళకి అతను తాగి వచ్చి తాళం ఇమ్మన్నాడు. మనవాడు ఇవ్వనన్నాడు. ఎదురుగా టీ కొట్టతను విన్న మాటల్ని వకీలు ఉన్నవున్నట్టు చదివాడు: "అన్నా, బ్రేకులు పట్టట్లేదు. ఇలాగ తోల్తే సచ్చిపోతావు. రేపు రా, నానే ఇంటికి తెచ్చిస్తాను." ఆ మాటకే అతను వీల్ స్పానర్ తీసుకుని తల మీద కొట్టాడు. షట్టరు దింపేసి వెళ్ళిపోయాడు. పొద్దున్న ఓనరొచ్చి షట్టరెత్తేసరికి వాడు దాని పక్కనే ఉన్నాడు. కొట్టిన చోట కాదు, షట్టరు పక్కన. అక్కడి దాకా గ్రీజు చేతుల గుర్తులున్నాయి. పాకాడన్నమాట. చాలాసేపు బతికే ఉన్నాడని డాక్టరు రాశాడు. నా పక్కన కూర్చున్న విలేకరి గబగబా రాసుకుంటున్నాడు. ఇదంతా నేను బయటికెళ్ళి చెప్పాలి. నా జన్మలో ఏ సినిమా హాల్లోంచీ అంత బరువుగా బయటికి రాలేదు.

వదిన బెంచీ మీద పక్కకి జరిగి చోటిచ్చింది. "కూకో. మొదట్నించీ సెప్పు." చెప్పాను. కారు, తాళం, బ్రేకులు. వాడి మాటలు వాడి యాసలోనే చెప్పాను. వదిన ఆపింది. "ఆడు సచ్చిపోతాడని భయపడ్డాడా మా గుంటడు? ఆడి కోసం?" అవునన్నాను. ఆవిడ మొహంలో ఒక్క క్షణం గర్వం లాంటిది కనబడి వెళ్ళిపోయింది. తర్వాత స్పానర్ దగ్గరికొచ్చాను. పాత అలవాటు గొంతులోకి వచ్చేసింది. "ఆ ఒక్క దెబ్బకే వదినా…" అని మొదలెట్టాను.

"మార్సీకు వొదినా" అంది. కోపం లేదు ఆ గొంతులో. "నువ్వు సెప్పిన సినిమాలన్నీ తరవాత టీవీలో సూసినాను. నువ్వు బతికించినోళ్ళందరూ సచ్చిపోనారు. నీకు సెప్పలేదంతే. ఇది మాత్రం ఉన్నదున్నట్టు సెప్పు."

ఉన్నదున్నట్టు చెప్పాను. షట్టరు, చేతుల గుర్తులు, డాక్టరు మాట. చెప్తూ నేనే ఏడ్చాను, సిగ్గు లేకుండా, నలుగురూ చూస్తుండగా. వదిన ఏడవలేదు. బెంచీ చెక్కని అరచేత్తో రాస్తూ, రాస్తూ అంది: "మా గుంటడికి దాహం ఎక్కువొదినా. రాత్రి లెగిసి రెండు సెంబులు తాగుతాడు." అంతే. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నాకు మంచినీళ్ళు గొంతు దిగవు.

ఇంక లేచి బస్సుకి వెళ్దామనుకుంటుంటే నా కొంగు పట్టుకుంది. "ఇప్పుడు నీ కథ సెప్పు." నాకు అర్థం కాలేదు. "నువ్వు మార్సి సెప్తావు కదా, అది. అబద్ధమని నాకు తెల్సు. అయినా సెప్పు, ఇంటాను."

ఏం చెయ్యను? కళ్ళు తుడుచుకుని చెప్పాను. ఆ రోజు మధ్యాహ్నానికే బ్రేకులు బాగైపోయాయి వదినా, అతనొచ్చి కారు తీసుకుని పోయాడు. మనవాడు రంపప్పొట్టుతో చేతులు తోముకుని, షట్టరు దింపి, ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాడు. నువ్వు నెత్తళ్ళ చేపలు ఇగురు పెట్టావు. ఉప్పు తక్కువైందని కసురుకున్నాడు. "కసురుకోడు" అంది వదిన వెంటనే. "ఉప్పు తక్కువైతే ఏటీ అనడు. మజ్జిగేసుకుని తినేస్తాడు." సరే, మజ్జిగేసుకుని తిన్నాడన్నాను. తిని, రెండు చెంబుల నీళ్ళు తాగి పడుకున్నాడు. వదిన కళ్ళు మూసుకుని, "హమ్మయ్య" అంది. అప్పుడు ఏడ్చింది.

ఆ తర్వాత ఎన్ని వాయిదాలు పడ్డాయో నేను లెక్క పెట్టలేదు. వకీలు రాలేదని, జడ్జిగారు మారారని, సాక్షికి ఒంట్లో బాగాలేదని. వదిన తన వంతు సాక్ష్యం చెప్పేసింది, ఇంక ఆవిణ్ణి లోపల కూర్చోవద్దనేవాళ్ళు లేరు. అయినా కూర్చోదు. నన్ను పంపించి, నేను వచ్చి అక్కడి ముచ్చట చెప్పాక, "అదలగుంచు, తరవాతేటి?" అంటుంది. తర్వాత మా కథలో వాడు సొంత షెడ్డు పెట్టాడు. పెళ్ళికి నేను సబ్బవరం సంబంధం తెస్తే "ఆ ఊరోళ్ళ సంగతి నాకు తెల్సు, ఒద్దు" అని పంతం పట్టింది. కథలో పిల్ల కోసం మేమిద్దరం కోర్టు వరండాలో నిజంగానే దెబ్బలాడుకున్నాం. దారినపోయే గుమాస్తా ఏదో ఆస్తి తగాదా అనుకుని ఉంటాడు. చివరికి భీమిలి పిల్లని చేశాం. ఓ మనవరాలు కూడా పుట్టింది. దాని అల్లరి చెప్పేటప్పుడు వదిన నన్ను నోరెత్తనివ్వదు, తనే చెప్తుంది.

పెరట్లో ఆ చల్లారిన కాఫీతో నిలబడి ఉంటే, ఇందాక గోడ మీంచి వదిన తల కనబడింది. మా ఇంట్లో టీవీ గోల ఆవిడకీ వినబడుతోంది. "ఎవరి బాబో పాపం" అంది. మళ్ళీ తనే, "మన కేసు అయిపోవొచ్చిందంట, వకీలుగారు ఫోను సేసినారు. తీర్పొచ్చేత్తాదంట" అంది. మంచిదే కదా వదినా, ఇన్నేళ్ళూ దీని కోసమే కదా తిరిగాం అన్నాను. ఆవిడ గోడ మీద మట్టిని గోటితో గీకుతూ అడిగింది: "తీర్పొచ్చేత్తే ఇంక ఆ బెంచీ కాడికి ఎల్లక్కర్లేదు కదొదినా?"

గోడ ఉందిగా మనకి, అన్నాను. కోర్టు కాగితాల్లో మనవాడికి ఎప్పటికీ ఇరవై నాలుగేళ్ళే, ఏ తీర్పు వచ్చినా అంతే. మా బెంచీ మీద మాత్రం మొన్నటి వాయిదా నాటికి వాడి చెంప దగ్గర ఒక తెల్లవెంట్రుక వచ్చింది. నేను చూడలేదు, వదినే చూసి చెప్పింది.